షట్టరు బయట వేలాడిన లైను గురించి

దసరా నుంచి శివరాత్రి దాకా మా కొట్లో 15 పౌండ్ల బరువు ఆపే తెల్ల నైలాన్ లైను (చేపలు పట్టే గాలం దారం) కొన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఆ లైను బాగోలేదు. తప్పు కంపెనీది కాదు, మీరు గాలానికి వేసిన ముడిదీ కాదు, నాది. స్పూలు (దారపు ఉండ) సగం వాడేసినా, బిల్లు పారేసినా పర్వాలేదు, పట్టుకురండి. కొత్త స్పూలు ఇస్తాను. వద్దంటే 180 రూపాయలు వెనక్కిస్తాను. రీలుకి చుట్టేసి ఉంటే రీలుతో సహా తెండి, ఇక్కడే విప్పేసి కొత్తది చుట్టి పంపిస్తాను.

తొందరలో ఉన్నవాళ్లకి ఇంతే విషయం. మిగతాది, ఇన్నాళ్లూ మీతో వాదించినందుకు నేను చెప్పుకోవాల్సిన సంజాయిషీ.

మా కొట్టు విశాఖ పూర్ణామార్కెట్ వెనక సందులో ఉంటుంది. నాన్న ఉన్నప్పుడు వల దారం, తాళ్లు, సీసం గుళ్లు, సొరచేపల గాలాలు అమ్మేవాళ్లం. కొనేది జాలరిపేట వాళ్లు, భీమిలి వాళ్లు. సరదాకి గాలం వేసేవాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. కరోనా తర్వాత అది తిరగబడింది. ఇంట్లో కూర్చుని పిచ్చెక్కిన మధురవాడ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు రాడ్లూ రీళ్లూ అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొట్టు నడిచేది మీ ఆదివారాల మీదే. కొత్తగా వచ్చిన కొందరు ఇప్పటికీ కౌంటర్లో ఆడమనిషినైన నా ముఖం చూస్తూనే "కొట్లో ఎవరూ లేరాండీ?" అని అడుగుతారు. అలవాటైపోయింది.

పోయిన దసరాకి రంగులు వేయించి, సందులో పోయేవాళ్లకి కనబడాలని షట్టరు పక్కన ఇనుప స్టాండు ఒకటి బిగించాను. దానికి లైను స్పూళ్లు వరసగా వేలాడదీశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. మాది పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఎండ సూటిగా వాటి మీదే. నైలాన్‌కి ఎండ పడదని నాకు తెలియక కాదు. నాన్న వల దారం కట్టల మీద గోనె కప్పకుండా ఏ రోజూ భోజనానికి వెళ్లలేదు. కాని స్టాండు పెట్టాక అమ్మకం పెరిగింది, ఆ సంతోషంలో గోనె గుర్తుకు రాలేదు.

డిసెంబర్లో మొదట వచ్చింది స్టీల్ ప్లాంట్ మాస్టారు. రిటైరయ్యాక ఆయన తగరపువలస దగ్గర గోస్తనీ ఒడ్డునే ఉంటారు, ఇంటికి అప్పుడప్పుడూ వెళ్తారు. "అమ్మా, మంచి బొచ్చె తగిలింది. ఒడ్డుకి తెచ్చేలోపు దారం ఫట్‌మంది" అన్నారు. నేను బిల్లు రాస్తూ తల కూడా ఎత్తలేదు. "ముడి తడిపారా మాస్టారూ?" అన్నాను.

ఆ మాటలో తప్పు లేదు. నైలాన్ ముడిని పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి అక్కడ బలం పోతుంది. కాస్త ఉమ్ముతో తడిపి, నెమ్మదిగా లాగి బిగించాలి. కొత్తవాళ్ల చేతిలో తెగే లైన్లలో ఎక్కువ భాగం ముడి దగ్గరే తెగుతాయి. అందుకే ఆ ప్రశ్న నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాని మాస్టారు తెగిన కొన కాగితంలో చుట్టి తెచ్చారు. ముడి జారిపోతే కొన పంది తోకలా మెలికలు తిరిగి ఉంటుంది. లైనే మధ్యలో తెగితే నిటారుగా ఉంటుంది. ఒక్కసారి వెలుతురులో పెట్టి చూస్తే పోయేది. చూడలేదు. నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో ఇనుప తాళ్లతో బరువులు ఎత్తించిన మనిషికి ముడి వేయడం నేర్పించి పంపాను.

తర్వాత ఆటో తమ్ముడు, ఆ తర్వాత బ్యాంకులో పనిచేసే ఆవిడ. అందరికీ అదే పాఠం. సంక్రాంతి ముందు ఒక అబ్బాయి వచ్చాడు. ఏడో ఎనిమిదో చదువుతుంటాడు. సైకిలు వెనక వెదురు కర్ర కట్టుకుని, చిల్లరంతా లెక్కపెట్టి ఇచ్చి స్పూలు కొనుక్కెళ్లినవాడు. "ఆంటీ, లైను తెగిపోయింది" అన్నాడు. వాడికీ ముడి చూపించాను. పైగా "చేప పెద్దదైతే రాడ్డు ఎత్తి పట్టుకుని, దాన్ని అలవనివ్వాలి, లాగకూడదు" అని ఒక ఉపన్యాసం. తలూపి వెళ్లిపోయాడు.

శివరాత్రి తర్వాతి ఆదివారం భీమిలి వెళ్లాం. గోస్తనీ సముద్రంలో కలిసేచోట మనవాళ్లు కూర్చునే జాగా మీలో చాలామందికి తెలుసు. ఏడుగురం. మాస్టారి మడత కుర్చీ, ఆటో తమ్ముడి ఇంటి నుంచి పులిహోర డబ్బా, కుర్రాళ్ల ఫ్లాస్కులో టీ. ఆ టీ ఎవరు పెడతారో గాని ఏటి నీళ్లే నయం. ఈ బృందంలో నాకు నచ్చేది ఒకటుంది. అయిదేళ్లుగా కలుస్తున్నాం, ఎవరి జీతమెంతో ఎవరికీ తెలియదు. ఒడ్డున రెండే ప్రశ్నలు: "ఏమైనా తగిలిందా?", "దేనికి తగిలింది?" రెండోదానికి నిజం చెప్పేవాళ్లు తక్కువ. రొయ్యకి పడితే వానపాము అంటారు.

నిజంగా చేప తగిలినప్పుడు మాత్రం దాపరికాలు ఉండవు. కేక వినబడగానే మిగతావాళ్లంతా తమ లైన్లు చుట్టేసుకోవాలి, లేకపోతే అన్నీ చిక్కుపడతాయి. ఎవరికి ఎంత మంచి కొరుకు వస్తున్నా సరే చుట్టేస్తారు. ఆరోజు కేక పెట్టింది నేను. ఆరు రీళ్లు గిర్రున తిరిగిన చప్పుడు విన్నాను. ఒకరు చిక్కం పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగారు. పండుగప్ప. ఒకసారి నీళ్లలోంచి లేచి తల విదిలించింది, వెండి పళ్లెం ఎగిరినట్టు. మూడు కిలోలు ఉంటుందని నేను, నాలుగని ఆటో తమ్ముడు. చూసింది ఒక్క క్షణమే కాబట్టి ఈ లెక్క ఇంకా తేలలేదు. రెండోసారి లేవబోతుండగా చేతిలో బరువు పోయింది.

ఎవరూ మాట్లాడలేదు. ఏటి ఒడ్డున అలాంటప్పుడు ఓదార్చకూడదని అందరికీ తెలుసు. కాసేపయ్యాక మాస్టారు కుర్చీలోంచే, చాలా మర్యాదగా, "అమ్మా, ముడి తడిపావా?" అన్నారు.

ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. నవ్వుల మధ్యే ఆయన నా లైను కొన తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూశారు. "సూదిలా ఉంది. నాదీ ఇలాగే ఉండేది. కాగితంలో చుట్టి తెచ్చాను, నువ్వు చూడలేదు." అందులో కోపం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. అప్పుడు బయటపడింది, అక్కడున్న ఏడుగురిలో నలుగురివి అదే స్టాండు మీది స్పూళ్లని. నలుగురికీ తెగాయి. ముగ్గురికి నేను ముడి పాఠం చెప్పాను.

పోయిన చేప గురించి ఇంకో మాట. లైను తెగితే మన నష్టం ఒక పూట కూర. ఆ పండుగప్ప మాత్రం దవడలో గాలంతో, వెనక గజాల కొద్దీ దారంతో వెళ్లిపోయింది. లైను గట్టిగా ఉండాలనేది చేప దొరకడానికే కాదు.

సోమవారం షట్టరు ఎత్తగానే దూలానికి సామాన్లు తూచే కొక్కెం కాటా కట్టాను. 15 పౌండ్లంటే సుమారు 6.8 కిలోలు. స్టాండు మీది లైను 3.9 దగ్గర తెగింది. ఇంకోటి 4.2. మూడోది, అన్నిటికన్నా పైన వేలాడేది, 3 కూడా దాటలేదు. దాన్ని వేళ్ల మధ్య తడిమితే సన్నటి తెల్ల పొడి అంటింది. అదే కంపెనీది, అదే పార్శిల్లో వచ్చి లోపల అట్టపెట్టెలో ఉన్న స్పూలు తీసి తూచాను: 7 దాటాక తెగింది. ఇక కంపెనీని అనడానికేమీ మిగల్లేదు. పక్కనే వేలాడిన బ్రెయిడ్ (సన్న పోగులు జడలా అల్లిన) లైన్లు కూడా తూచాను. అవి నైలాన్ కావు, వాటిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అనుమానం ఉంటే అవీ తెండి, మీ ముందే తూస్తాను.

పుస్తకంలో చూస్తే ఆ స్టాండు నుంచి 46 స్పూళ్లు అమ్మాను. స్పూలుకి నాకు మిగిలేది 40 రూపాయలు, అంటే మొత్తం 1,840. అన్నీ వెనక్కి వస్తే తిరిగి ఇవ్వాల్సింది 8,280. మా కొట్టుకి ఇది చిన్న మొత్తం కాదు, అలాగని కొట్టు మూతపడే మొత్తమూ కాదు. కాబట్టి నా మీద జాలిపడి ఎవరూ ఆగిపోకండి. "పోనీలే అక్కా" అని స్పూలు ఇంట్లోనే ఉంచుకున్నవాళ్లు ఇద్దరున్నారని తెలిసింది. ఆ మంచితనం నాకొద్దు. ఆ లైను మీ చేతిలో ఉన్నంతకాలం ఏదో ఒక చేప నోట్లో గాలం మిగులుతుంది.

స్టాండు తీసేశాను. బయట ఇకపై ఖాళీ డబ్బాలే ఉంటాయి. కాటా దూలానికే ఉంచాను, ఏ లైనైనా కొనేముందు ఒక మూర తెంపి తూచుకోవచ్చు, ఆ మూర నా లెక్కలో. స్పూలు మీద నేను పెట్టె విప్పిన తేదీ రాసి ఇస్తాను. మీ ఇంట్లో కూడా రాడ్డు బాల్కనీలో ఎండకి వదిలేయకండి.

పాత లైను ఏటి ఒడ్డున పారేయొద్దని ఇంతకుముందు మామూలుగా చెప్పేదాన్ని, ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. భీమిలి దగ్గర విసురు వల వేసే తాత ఒకాయన ఉన్నాడు. మా నాన్న దగ్గర దారం కొన్న మనిషి. ఆరోజు మేం సర్దుకుంటుంటే వచ్చి, చేతిలో ముద్ద కట్టిన నైలాన్ చూపించాడు. "ఏటమ్మా, మీ దారాలన్నీ నా వల్లోనే ఉన్నాయి." వల కన్ను రెండుచోట్ల కోసుకుపోయింది. మనకది ఆదివారం సరదా, ఆయనకది సోమవారం కూలి. వల బాగు చేయడానికి దారం ఇస్తానంటే తీసుకున్నాడు, డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు. ఒట్టి చేతులతో కూర్చున్న మమ్మల్ని చూసి, "నీరు దిగిపోతంది, ఇప్పుడేటి పడతాది? పోటు మీద రండి" అని కూడా చెప్పి వెళ్లాడు. కౌంటరు కింద ఒక డబ్బా పెట్టాను, తెగినవీ పాతవీ దాంట్లో పడేయండి.

తాత చెప్పిన పోటు సంగతి మీరూ తరచూ అడుగుతారు, "పోయిన ఆదివారం బాగా పడ్డాయి, ఈ ఆదివారం అదే టైముకి ఎందుకు పడలేదు?" అని. పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులకి దాదాపు ఆరు గంటలు. అంటే పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి నిండుగా ఉన్న ఏరు ఈ ఆదివారం ఆరింటికి బాగా దిగిపోయి ఉంటుంది. ఆదివారం మారదు, పోటు మారుతుంది. ఇదంతా ఏరు సముద్రంలో కలిసే భీమిలి మొగ దగ్గరి మాట. తగరపువలస పైన, బొచ్చెలూ శీలావతులూ ఉండేచోట, దీనితో పనిలేదు. మేహాద్రిగెడ్డ, తాటిపూడి లాంటి రిజర్వాయర్లకి వెళ్లేవాళ్లు మాత్రం ముందు అడగండి. అక్కడ చేపల హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారుల సంఘాలది, ఆ నీళ్లు మనం తాగేవి కూడా.

పెద్ద పండుగప్పల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదని తెలుసు. పండుగప్ప మొదట మగది, కొన్నేళ్లు పెరిగాక ఆడది అవుతుంది. కాబట్టి బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే, ఒక్కోటి లక్షల్లో గుడ్లు పెట్టేవి. అయిదారు కిలోలది దొరికితే ఫొటో తీసుకుని వదిలేయమంటాను. మా అత్తగారికి ఈ మాట చెబితే, "పట్టిన చేపని వదిలేయడానికి అంత దూరం వెళ్లడమెందుకే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు కిలోలది మాత్రం నేనూ వదలను, చింతపండు పులుసు పెడతాను.

నిన్నటికి 19 స్పూళ్లు వెనక్కి వచ్చాయి, ఇంకా 27 రావాలి. మంగళవారం సెలవు, మిగతా రోజులు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా కొట్లోనే ఉంటాను. చాలామంది ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కరికీ చేస్తున్నాను. ఆ సైకిలు అబ్బాయి నంబరు లేదు, పేరు కూడా అడగలేదు. తర్వాత మళ్లీ రాలేదు. వాడి పేరు మీద కొత్త స్పూలు, రెండు బెండ్లు, ఒక గాలాల పొట్లం పక్కన పెట్టి ఉంచాను. మీలో ఎవరికైనా ఏటి ఒడ్డునో గెడ్డ దగ్గరో కనిపిస్తే, ముడి వాడు బాగానే వేశాడని, ఆంటీ ఒకసారి రమ్మందని చెప్పండి.