ఆ పాపకు పట్టింది యోగం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. శిశుగృహలో పెరిగిన నాలుగేళ్ల పాపను అమెరికా దంపతులు దత్తత తీసుకున్న వార్త ఈమధ్య మీ జిల్లా పేజీలో వచ్చింది. కలెక్టర్ గారు ఉత్తర్వులు చేతికిస్తున్న ఫొటో, పైన 'దివ్యాంగ చిన్నారికి విదేశీ యోగం' అని శీర్షిక. ఆ దంపతులకు రెండు రోజులు దుబాసీగా ఉన్నది నేనే. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, తెలిసినవాళ్లు అడిగితే వెళ్లాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫొటో సంగతి. పాప ముఖం, జబ్బు పేరు, పసిగుడ్డుగా ఎక్కడ దొరికిందో ఆ చోటు, మూడూ వేశారు. ఇలాంటి పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీమీద కేసు పెట్టమని కాదు నేననేది. ఆ పాప పెద్దదై తన గురించి వెతుక్కుంటే ఎదురయ్యేది మీ పేపరు ముక్కే, అందుకు చెబుతున్నాను.

ఇక యోగం. మొదటి రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు వెళ్లాం. పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే సమస్య. కాళ్లు కత్తెరలా ఒకదానిమీద ఒకటి బిగుసుకుంటాయి. శిశుగృహ ఆయమ్మ నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పాపను ఎడమ మోచేతి మీదకు వాల్చుకుని పప్పన్నం మెత్తగా పిసికి పెడుతోంది. చెంచా వాడొద్దని చెప్పండి మాస్టారూ అంది. చెంచా పంటికి తగిలిందంటే దవడ బిగిసిపోతుందట. ముద్ద చెంప పక్కన పెట్టాలి, పెట్టి గొంతుకేసి చూడాలి, గుటక పడ్డాకే రెండోది. తొందరపడితే పొలమారుతుంది. అన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ 'గుటక' అనే మాటకు ఇంగ్లీషు తట్టక నా గొంతు చూపించి మింగి చూపించాను. దత్తత తీసుకుంటున్నావిడ నోట్‌బుక్ తీసి ఆ మాటను వాళ్ల అక్షరాల్లో రాసుకున్నారు. తర్వాత తనూ నేలమీద కూర్చుని పెట్టబోతే పాప మొదటి ముద్ద ఉమ్మేసింది, రెండోదీ ఉమ్మేసింది. పన్నెండు ముద్దలు తినిపించేసరికి గంటన్నర పట్టింది. నాకు నడుము నొప్పి పుట్టి లేచి వరండాలోకి వచ్చేశాను. ఆవిడ లేవలేదు.

దీన్ని యోగమంటే లాటరీ తగిలినట్టుంది.

సాయంత్రం టీ తాగుతూ ఆవిడ భర్తను అడిగాను, ఇంత దూరం వచ్చి ఈ పాపనే ఎందుకని. వాళ్లది ప్రార్థన చేసుకునే కుటుంబం. దిక్కులేని బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం వాళ్ల సంఘంలో కొత్తేమీ కాదు. ఇంట్లో ఇప్పటికే వీల్‌చైర్‌లో తిరిగే కొడుకున్నాడు. 'ప్రార్థన చేశాం, భయం పోలేదు, అయినా బయల్దేరాం' అన్నాడాయన. అక్కడితో ఆగలేదు. వాళ్ల ఊళ్లో స్కూలు బస్సుకు వీల్‌చైర్‌ను పైకెత్తే లిఫ్టు ఉందట, బడిలోనే థెరపిస్టు ఉందట, ఇల్లు ఆ కుర్చీకి తగ్గట్టు మార్చుకున్నారట. ఇలాంటి పిల్లలకు ప్రభుత్వ బడి ఉచితంగా చదువు చెప్పి తీరాలని అమెరికాలో 1975లోనే చట్టం చేశారు. భక్తి ఒక్కటే అయితే నేనూ రాగలిగేవాణ్ణి కానేమో అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

నేనూ క్రైస్తవుణ్ణే. మా గోదావరి డెల్టాకు సువార్త నిన్నా మొన్నా వచ్చింది కాదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం వచ్చి నూట ఎనభై ఏళ్లు దాటింది. ఇవాళ పేటపేటకీ చర్చి ఉంది, ఆదివారం మైకులున్నాయి, క్రిస్మస్‌కి స్టార్లున్నాయి. మా సంఘంలో నేనెరిగి ఒక్క కుటుంబం కూడా ఇలాంటి బిడ్డను ఇంటికి తెచ్చుకోలేదు. పుట్టుగుడ్డిని చూసి, ఇది వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని శిష్యులు అడిగితే ప్రభువు ఎవరిదీ కాదన్న సంగతి మా వాళ్లందరికీ కంఠతా వచ్చు. అయినా ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికెళ్తే గొంతు తగ్గించి 'దేవుని చిత్తం' అంటారు. పక్కింటి హిందువులు 'పూర్వజన్మ కర్మ' అంటారు. మాట వేరేగానీ, బిడ్డ మాత్రం మూల గదిలోనే ఉంటుంది.

ఇతరులను వేలెత్తి చూపే ముందు నా సంగతీ చెప్పుకోవాలి. మాకు పిల్లల్లేరు. 1993లో నేనూ మా ఆవిడా ఒక హోమ్‌కి వెళ్లాం. ఒక పిల్ల చకచకా పాక్కుంటూ వచ్చి నా పంచె పట్టుకుంది. పోలియో వచ్చిన కాలు. ఇంటికొచ్చి, మన క్రైస్తవులకు దత్తత చట్టం లేదు కదా అని ఒకరికొకరం సర్దిచెప్పుకున్నాం. చట్టం లేదన్నది నిజమే. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే. మాలాంటివాళ్లు 1890 నాటి గార్డియన్ చట్టం కింద సంరక్షకులు కావచ్చంతే. కానీ మాకు అడ్డొచ్చింది చట్టం కాదు, ఆ కాలు. తర్వాత మా మరదలి కూతుర్ని తెచ్చి పెంచుకున్నప్పుడు ఏ చట్టం గురించీ అడగలేదు మరి. ఇప్పుడా సాకు కూడా లేదు. 2000 నాటి బాలల న్యాయ చట్టంతో దారి పడింది, ఏ మతం వారైనా దాని కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో తేల్చి చెప్పింది.

ఆ దంపతుల గురించి ఊళ్లో రెండు పుకార్లు నడిచాయి. మతం మార్చడానికి తీసుకెళ్తున్నారని ఒకటి, అవయవాల కోసమని ఇంకొకటి. రెండోదానికి జవాబు చెప్పడం కూడా సిగ్గే. అయితే అనుమానం గాల్లోంచి ఊడిపడలేదు. తండాల్లో ఆడశిశువులను కొని, కాగితాలు పుట్టించి విదేశాలకు దత్తత పంపుతున్నారని మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1999లో ఒకసారి, 2001లో మరోసారి బయటపడింది. ఆ తర్వాత 2003లో మన దేశం, దేశాల మధ్య జరిగే దత్తతల మీద కుదిరిన హేగ్ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు ఇటు కేంద్ర దత్తత సంస్థ 'కారా', అటు ఆ దేశపు అధికారులు, ఇద్దరూ ఒప్పుకోవాలి. బాలల సంక్షేమ కమిటీ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించాలి. అక్కడికెళ్లాక కూడా రెండేళ్లపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి బిడ్డ ఎలా ఉందో రిపోర్టు రావాలి.

పుకార్లు పుట్టించినవాళ్లను నేను అడిగేది ఒకటే. విదేశీయుల చేతికి వెళ్లకముందు ఈ బిడ్డ మనవాళ్ల ముందే ఉంది. స్వదేశంలోనివాళ్లో ప్రవాస భారతీయులో అరవై రోజుల్లో ముందుకు రాకపోతేనే బయటి దేశాలకు అవకాశమిమ్మంటుంది చట్టం. అందులో వైకల్యమున్న పిల్లలకు, అయిదేళ్లు దాటినవాళ్లకు, తోబుట్టువులకు ప్రాధాన్యమివ్వచ్చంటుంది, ఎందుకంటే మనం వాళ్లను ఎటూ తీసుకోబోమని చట్టం రాసినవాళ్లకు తెలుసు. దత్తత కోసం దేశంలో ముప్పై వేల పైచిలుకు కుటుంబాలు పేర్లు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నాయి. 2024-25లో జరిగిన దత్తతలు 4,515. అందులో 4,155 మన దేశంలోనివే. మంచి సంగతే. కానీ ఎదురుచూసే వాళ్లంతా అడిగేది ఏ లోపమూ లేని పసిబిడ్డను. చైనా 2024లో విదేశీ దత్తతలు ఆపేసింది. రేపు మనమూ ఆపేస్తే మంచిదేననే వాళ్లున్నారు. ఆపండి, కానీ ఆ పాపకు అన్నం పెట్టే గంటన్నర ఎవరిదో ముందు చెప్పండి.

కన్నవాళ్లే పెంచుకుంటున్న ఇళ్లు చూడండి. మా వీధి చివర ఒక తల్లి ఏడేళ్ల కొడుకును చంకనేసుకుని ఆటో ఎక్కి, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి పోతుంది. ఫిజియోథెరపీ వారానికి ఒక్క రోజు. ఆ రోజు సెలవొస్తే మళ్లీ వారం దాకా లేదు. పెద్ద పరీక్షలంటే కాకినాడో ఏలూరో పోవాలి, కూలి పోతుంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే నెలకు 6,000 పింఛను వస్తోంది, కాదనను. కానీ కాలు బిగుసుకోకుండా ఉండాలంటే రోజూ సాగదీయాలి, దానికి నేర్పేవాళ్లు దగ్గర్లో ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తెచ్చింది. మా లంక గ్రామాలకు మాత్రం ఇంకా పడవెక్కి రాలేదు.

కాబట్టి అధికారులకు నా మనవి, వారానికి కనీసం మూడు రోజులు థెరపీ ఉండేలా చూడండి. మా పాస్టర్లకూ, గుళ్ల కమిటీలకూ కూడా ఒక మాట. అన్నదానాలకూ కూటాలకూ పోగుచేసే డబ్బులో కొంత ఆ తల్లి ఆటో ఖర్చుకు పెట్టండి. దత్తత తీసుకోమని ఎవర్నీ బలవంతం చేయలేం, చేయకూడదు కూడా. జాలితో తెచ్చుకుని ఏడాదికి విసుక్కునే ఇల్లు ఆ బిడ్డకు శిశుగృహ కన్నా నరకం.

ఇంకొక్కటి. పాప వెళ్లిపోయిన రోజు ఆయమ్మ పాలపొడి డబ్బాలు కడుగుతూ తలెత్తలేదు. మూడేళ్లు పెంచింది మరి. నిన్న బజార్లో కనబడి, మాస్టారూ, పాప అన్నం తింటోందంటారా అని అడిగింది. అమెరికా నుంచి రిపోర్టులు నియమం ప్రకారం ఆఫీసుకు వస్తాయి, ఫైల్లో చేరతాయి. ఆమెకు ఆ కాగితాలివ్వక్కర్లేదు. వచ్చినప్పుడు ఒక్కసారి పిలిచి, కుర్చీ వేసి, పాప ఎలా ఉందో చెప్పడానికి నిబంధనలు ఏమైనా అడ్డొస్తాయా అని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసాపురం.
(పేరు ప్రచురించవద్దని మనవి)