ఆట కొన్నాక ఏమవుతుందో కూడా చెప్పి అమ్మాలి

గౌరవనీయులైన సంపాదకుడికి,

వీడియో గేమ్‌ల గురించి మన పత్రికల్లో వార్త పడిందంటే అది పిల్లల వ్యసనం గురించో, పందేల్లో మునిగిన కుటుంబాల గురించో, నిషేధం గురించో అయి ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మీద చర్చ కూడా ఎక్కువగా డబ్బు పెట్టి ఆడే ఆటల మీద అది పెట్టిన నిషేధం చుట్టూనే తిరిగింది. ఆ నిషేధంతో నాకు పేచీ లేదు. అయితే అదే చట్టం వీడియో గేమ్ పోటీలైన ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, పందెం లేని ఆటలను ప్రోత్సహిస్తామనీ చెప్పింది. అలాంటి ఆటను వేలు పోసి కొన్నవాళ్ళకు ఆ తర్వాత ఏం దక్కుతుంది, ఎన్నాళ్ళు దక్కుతుంది అన్నది కూడా ప్రభుత్వం పట్టించుకోవాల్సిన విషయమే.

ఎందుకంటే ఇవాళ ఆట విడుదల రోజుతో పూర్తి కాదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వచ్చే అప్‌డేట్లు, ఆటకు అదనంగా కలిపే భాగాలైన ఎక్స్‌పాన్షన్లే దాన్ని నిలబెడతాయి. ‘నో మ్యాన్స్ స్కై’ 2016 ఆగస్టులో వచ్చినప్పుడు, చెప్పినవి చాలా లేవని కొన్నవాళ్ళు మండిపడ్డారు. దాన్ని తయారుచేసిన చిన్న బ్రిటిష్ సంస్థ అప్పటి నుంచి అదనంగా పైసా అడగకుండా పెద్ద పెద్ద అప్‌డేట్లు ఇస్తూ వచ్చింది. లోపాలతో విడుదలైన ‘సైబర్‌పంక్ 2077’ను 2020 డిసెంబరులో ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరు నాటి 2.0 అప్‌డేట్ అందులో నైపుణ్యాల పద్ధతిని, పోలీసులు వెంటబడే తీరును మళ్ళీ మొదటి నుంచి రాసింది.

ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన తరానికి, ఒక నాగరికతను ఎంచుకుని సైన్యం కట్టి యుద్ధం చేసే ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ గుర్తుండే ఉంటుంది. 1999లో 13 నాగరికతలతో వచ్చింది. మరుసటి ఏడాది ‘ది కాంకరర్స్’ ఇంకో 5 కలిపింది. ఆ తర్వాత పదమూడేళ్ళు కొత్త ఎక్స్‌పాన్షన్ లేదు. అభిమానులు సొంతంగా తయారు చేసుకున్న ఒక మోడ్‌ను (ఆటకు బయటివాళ్ళు చేసే మార్పును) 2013లో అధికారిక ఎక్స్‌పాన్షన్‌గా తీసుకున్నారు, అక్కడి నుంచి ఆట మళ్ళీ లేచింది. అందులో ‘ఇండియన్స్’ అని ఒకే ముద్దగా వచ్చిన మన దేశాన్ని 2022 ఏప్రిల్‌లో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అన్న ఎక్స్‌పాన్షన్ విడదీసి హిందుస్థానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని నాలుగు చేసింది. ద్రావిడులకు యుగం మారిన ప్రతిసారీ 200 కలప ఉచితంగా వస్తుంది. వాళ్ళకు నైట్లు అనే బరువైన కవచాల రౌతులు లేరు, ఆ లోటు కాలిబలంతో, పడవలతో పూడ్చుకోవాలి. వాళ్ళకు మాత్రమే ఉన్న ‘ఊట్జ్ స్టీల్’ పరిశోధన చేయిస్తే కాలిబలం, గుర్రపు దళం వేసే దెబ్బ ఎదుటివాడి కవచాన్ని లెక్కచేయదు. ఆ ‘ఊట్జ్’ అన్న పేరు మన దక్షిణాది ‘ఉక్కు’ నుంచే వచ్చిందంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకు పేరుమోసిన ఊరు. ఇరవై మూడేళ్ళ వయసున్న ఆటలో ఇంత కొత్త సరుకు చేరడం మామూలు విషయం కాదు.

కొత్త సరుకు చేర్చగానే పని అయిపోదు. 13 నాగరికతలు ఉన్నప్పుడు ఒకటికొకటి ఎదురుపడే జతలు 78. ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ వచ్చేసరికి నాగరికతలు 42 అయ్యాయి, జతలు 861కి పెరిగాయి. ఇన్ని జతల్లో బలాబలాల తూకం ఎక్కడో ఒకచోట తప్పక తప్పుతుంది. వచ్చిన కొత్తలో గుర్జరులు మిగతావాళ్ళను తొక్కేశారు, తర్వాతి ప్యాచ్‌లలో (దిద్దుబాటు అప్‌డేట్లలో) వాళ్ళ బలం కోసేశారు. అందుకే ఎక్స్‌పాన్షన్ అమ్మేసి చేతులు దులుపుకునే సంస్థ ఆటను బాగుచేసినట్టు కాదు, పాడుచేసినట్టు. ఇక్కడ ఇంకో మంచి పని చేశారు. ఎక్స్‌పాన్షన్ కొననివాళ్ళు కొత్త నాగరికతను ఎంచుకోలేరు, కానీ కొన్నవాళ్ళతో కలిసి అదే ఆటలో ఆడవచ్చు. డబ్బు కట్టినవాళ్ళకు ఒక సర్వర్ (ఆటగాళ్ళను ఇంటర్నెట్‌లో కలిపే కంప్యూటరు), కట్టనివాళ్ళకు ఒక సర్వర్ అని విడదీస్తే ఆడేవాళ్ళు సగం సగం అవుతారు, జోడీ దొరకడానికి పది నిమిషాలు పడుతుంది, చివరికి రెండు వైపులా ఖాళీ అవుతాయి.

ఉచిత అప్‌డేట్ పాత ఆటను ఎలా తాకుతుందో చూడాలంటే, ఘనాల్లాంటి గడులతో లోకాన్ని తవ్వి కట్టుకునే ‘మైన్‌క్రాఫ్ట్’ చాలు. 2021 నవంబరు 30న వచ్చిన 1.18 అప్‌డేట్ దాకా అందులో లోకం ఎత్తు 0 నుంచి 256 గడులు. ఆ అప్‌డేట్ కిందికి −64 దాకా తవ్వింది, పైకి 320 దాకా లేపింది. ఏళ్ళ తరబడి కట్టుకున్న పాత లోకాన్ని తెరిస్తే ఇల్లూ పొలమూ ఎక్కడివక్కడే ఉంటాయి. అడుగున ఉండే, తవ్వడానికి వీలుకాని బెడ్‌రాక్ పొర కిందికి జరిగి, ఆ మధ్యలో కొత్త గుహలు పుడతాయి. పాత నేలకూ కొత్త నేలకూ మధ్య అతుకు గోడలా నిలబడకుండా ఆటే వాలుగా కలుపుతుంది. అయితే కొత్త కొండలు కావాలంటే అప్పటిదాకా అడుగు పెట్టని చోటికి నడవాలి. లోకాన్ని 16 గడుల పొడవు, 16 గడుల వెడల్పు ముక్కలుగా తయారుచేసి దాచుకుంటుంది కనుక, ఒకసారి చూసిన ముక్క మళ్ళీ పుట్టదు. ‘అప్‌డేట్ చేశాం, ఏమీ మారలేదు’ అనే పిల్లలకు చెప్పాల్సింది ఇదే.

ప్యాచ్ లోపల జరిగే పని తెలిస్తే ఇంకొన్ని చిరాకులు తప్పుతాయి. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్, ప్రతి ఫైలునూ సుమారు 1 ఎంబీ ముక్కలుగా చూసి, మారిన ముక్కలనే దింపుతుంది. కానీ ముక్క మారిన ఫైలును డిస్కు మీద మొత్తంగా తిరిగి కూర్చాలి. తయారీదారు బొమ్మలు, శబ్దాలు అన్నీ కలిపి 30 జీబీ ఒకే మూటగా కట్టి ఉంటే, అందులో 200 ఎంబీ మారినా కొత్త మూట రాయడానికి మరో 30 జీబీ ఖాళీ కావాలి. డౌన్‌లోడ్ అయిపోయినా అప్‌డేట్ కదలడం లేదన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. మూటలో సరుకు సర్దిన వరుసే మారిపోతే నిన్నటి ముక్కలు ఇవాళ్టి వాటితో కలవవు, చిన్న దిద్దుబాటుకే ఆట దాదాపు మొత్తం మళ్ళీ దిగుతుంది. రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాకుతో నెట్టుకొచ్చే ఇంట్లో 14 జీబీ ప్యాచ్ అంటే వారం రోజుల డేటా.

పెద్ద అప్‌డేట్‌కు ముందు, ఆటలో ఎంతదాకా వచ్చామో దాచే సేవ్ ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసుకోవడం తప్పనిసరి. పాత సేవ్ కొత్త ఆటలో సాధారణంగా తెరుచుకుంటుంది, కొత్త సేవ్ పాత ఆటలో తెరుచుకుంటుందన్న భరోసా లేదు. మోడ్‌లు వాడేవాళ్ళు వాటిని తీసి, కొత్త వెర్షన్‌కు సరిపడేవి వచ్చాక ఒక్కొక్కటే తిరిగి పెట్టాలి. అన్నీ ఒకేసారి పెడితే ఏది చెడగొడుతోందో తేలదు. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌కు వెళ్ళి, తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా మార్చుకోవచ్చు. కొందరు తయారీదారులు అక్కడే బీటాస్ అన్న చోట పాత వెర్షన్లను కూడా ఉంచుతారు.

ఇదంతా అప్‌డేట్ ఆటకు ఏదైనా కలిపినప్పటి మాట. అదే దారిలో తీసేయడం కూడా జరుగుతోంది. ఆన్‌లైన్ షూటింగ్ ఆట ‘డెస్టినీ 2’లో 2020 నవంబరులో మొదటి కథాభాగాన్నీ, డబ్బు పెట్టి కొన్న రెండు ఎక్స్‌పాన్షన్ల కథలనూ తీసేశారు. ఆట పరిమాణం పెరిగిపోయిందని, పరీక్షించడం కష్టమైందని కారణం చెప్పారు. ఆ కష్టం నిజమే, కానీ కొన్నవాడి డబ్బు కూడా నిజమే. కారు పందేల ఆట ‘ది క్రూ’ 2014 డిసెంబరులో వచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశాక డిస్కు కొన్నవాళ్ళకూ అది తెరుచుకోలేదు. అమ్మిన ఆటను ఇలా పనికిరాకుండా చేయకూడదంటూ అక్కడి నుంచి మొదలైన ఉద్యమంలో యూరప్ పౌరుల వినతిపత్రం మీద 2025 జులైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు పక్కన ‘కొనండి’ అని రాయకూడదు.

మన దగ్గర 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయదారి పద్ధతులను కూడదంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, ధరను దాచి చివర్లో చూపించడం వంటివి అందులో ఉన్నాయి. అమ్మిన ఆటలో భాగాన్ని తర్వాత తీసేయడం ఆ జాబితాలో లేదు. ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కింద నియమాలు రాసేవాళ్ళు, వినియోగదారుల వ్యవహారాల శాఖ కలిసి ఈ ఖాళీ పూడ్చాలి. స్టోర్ పేజీలో ధర పక్కనే కొన్ని సంగతులు తప్పనిసరిగా కనపడాలి: ఇంటర్నెట్ లేకుండా ఆట నడుస్తుందా, సర్వర్లు కనీసం ఏ తేదీ దాకా ఉంటాయి, కొన్న ఎక్స్‌పాన్షన్‌ను తీసేసే హక్కు సంస్థ తన దగ్గర పెట్టుకుందా. రాబోయే అదనపు భాగాలన్నిటినీ కలిపి ముందస్తుగా ‘సీజన్ పాస్’ పేరుతో అమ్మితే అందులో ఏమేం వస్తాయో, ఎప్పటిలోగా వస్తాయో రాయాలి, రాకపోతే డబ్బు వెనక్కివ్వాలి. సీజన్ పాస్‌ల విషయంలో స్టీమ్ 2024 నవంబరులో ఇంచుమించు ఇలాంటి నియమాన్నే తన స్టోర్‌లో పెట్టుకుంది. ఒక దుకాణం చేయగలిగినది చట్టానికి కష్టం కాకూడదు. తెలుగులో కూడా ఈ వరుసలు పడాలి, ఎందుకంటే కార్డు నెంబరు కొట్టేది చాలా ఇళ్ళలో అమ్మానాన్నలే.

అంతవరకూ కొనేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ 2 గంటల్లోనే ఒకసారి వైఫై ఆపి ఆట తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే దాని ఆయుష్షు మన చేతిలో లేదన్నమాట.

సర్వర్ ఆపేశాక ఆటను ఆఫ్‌లైన్‌లో నడపడం సాంకేతికంగా కుదరదని కొందరు వాదిస్తారు. అన్ని ఆటలకూ అది సులువని నేను అనను. కానీ ‘ది క్రూ’ను ఆపేసిన సంస్థే, విమర్శలు వచ్చాక, ‘ది క్రూ 2’కు 2025లో ఆఫ్‌లైన్ పద్ధతిని అప్‌డేట్‌గా ఇచ్చింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్