పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ?

సంపాదకులు గారికి,

ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో పోయి రాజముద్ర వచ్చింది. మంచి పనే. కానీ ఒక పార్టీ వేసిన బొమ్మను ఇంకో పార్టీ తీసేసిందన్నట్టుగానే ఈ సంగతి జనం నోళ్లలో నలిగింది. అసలు ఆ బొమ్మ అక్కడ ఎందుకు ఉండకూడదన్నది పక్కకు పోయింది. రేపు ప్రభుత్వం మారి మళ్లీ ఇంకో ఫొటో ఎక్కితే అడ్డుకునే చట్టం ఏదీ లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఏ జీవో అయినా తీసి చివరిదాకా చూడండి. కార్యదర్శి పేరుకు పైన బ్రాకెట్లలో చిన్న వాక్యం ఉంటుంది: గవర్నర్ ఉత్తర్వు మేరకు, ఆయన పేరిట అని. నిర్ణయం ముఖ్యమంత్రిదీ, కేబినెట్‌దీ అని అందరికీ తెలుసు. అయినా ఉత్తర్వు ముఖ్యమంత్రి పేరిట వెలువడదు. రాజ్యాంగం 166వ అధికరణ పెట్టిన పద్ధతి ఇది. ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ అధికరణ దగ్గర ఆగిన విద్యార్థి నాకు గుర్తులేడు. పరీక్షలో రాదు కదా! రాజ్యం వేరు, దాన్ని నడిపేవాడు వేరు అన్న ఆలోచన మాత్రం ఆ ఒక్క వాక్యంలోనే దాగుంది. గవర్నర్లు మచ్చలేని వాళ్లని నేననడం లేదు. 1984 ఆగస్టులో అప్పటి గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని ఎలా బర్తరఫ్ చేశారో, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ఎలా గద్దెనెక్కారో చూసిన తరం మాది. జీవోలో ఉండేది కూడా గవర్నర్ అన్న పదవే గాని, ఆ కుర్చీలో ఉన్న మనిషి పేరు కాదు.

ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలపు తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో ‘లెవయథాన్’ అచ్చువేయించాడు. దాని ముఖచిత్రం ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఊరి వెనక కొండల మీంచి ఒక మహాకాయుడు లేచి ఉంటాడు. నెత్తిన కిరీటం, ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో మతగురువు దండం. ఒళ్లంతా చీమల్లా చిన్న చిన్న మనుషులు. వాళ్లంతా మనకు వీపు పెట్టి ఆయన మొహం వైపే చూస్తుంటారు. హాబ్స్ లెక్కలో ఆ సార్వభౌముడు లేనిదే ‘ఇది నాది, అది నీది’ అన్న మాటే పుట్టదు. ఆస్తి హక్కు మనల్ని పక్కింటివాడి నుంచి కాపాడుతుంది గాని, ఆయన నుంచి కాపాడదు.

ఇంకో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ దీన్ని తిరగేశాడు. చెమటోడ్చి సాగుచేసిన నేల ప్రభుత్వం పుట్టక ముందే సేద్యగాడిది, దాన్ని కాపాడమనే నమ్మకం మీద పాలకులకు అధికారం అప్పగించారు, నమ్మకం చెడితే వెనక్కి తీసుకోవచ్చు అన్నాడు. లాక్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో ఆదివాసుల నేల లాక్కున్నవాళ్లకూ ఆ వాదనే పనికొచ్చింది. మన రాజ్యాంగమూ ఆయన బాటలో పూర్తిగా నడవలేదు. 1978లో 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. అయినా 300ఏ అధికరణ మిగిలింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోవడానికి వీల్లేదు.

పాసుపుస్తకాన్ని ఈ వెలుగులో చూడాలి. తాతముత్తాతల నుంచి వచ్చిన అరెకరానికి సర్వే నంబరు, విస్తీర్ణం రాసి, ఇది నీదేనని ప్రభుత్వం ఒప్పుకున్న కాగితం అది. అట్ట మీద ముఖ్యమంత్రి నవ్వుతూ కనిపిస్తే హక్కు కాస్తా కానుక అయిపోతుంది. సర్వే రాళ్లనూ వదల్లేదు. 2024 ఎన్నికల ముందు భూహక్కు చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) మీద రైతుల్లో అంత టెన్షన్ రావడానికి అందులోని సెక్షన్లు ఎంత కారణమో, ఆ బొమ్మ కూడా అంతే కారణమని నా అభిప్రాయం. సెక్షన్లు చదివినవాళ్లు ఊరికి ఎందరుంటారు? ఫొటో అందరూ చూశారు.

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. చంద్రన్న కానుక, జగనన్న విద్యా దీవెన, కేసీఆర్ కిట్ అన్నీ చూశాం. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ మార్చారు. అక్కడి డిగ్రీ కోసం చదువుతున్న పిల్లల్ని ఎవరూ అడగలేదు.

చేసినవాళ్లు చెప్పుకుంటే తప్పేముందని అడుగుతారు. పార్టీ డబ్బుతో, ఎన్నికల సభల్లో ఎంతైనా చెప్పుకోవచ్చు. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి వద్దని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే ముఖ్యమంత్రులకూ గవర్నర్లకూ మంత్రులకూ సడలించింది. ఆ సడలింపు నాకు నచ్చలేదు. అయినా ప్రకటన మర్నాటికి పొట్లాలు కట్టుకునే కాగితం. పాసుపుస్తకం బ్యాంకు తాకట్టుకూ, కోర్టుకూ, రేపు పిల్లల వాటాలకూ కావాలి.

రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించారు. ఆ మాటలు ప్రతి ఏటా ఉపన్యాసాల్లో వింటూనే ఉన్నాం. ఈసారి రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ ఒక చిన్న చట్టం చేయాలి. భూమి పత్రాలు, సర్వే రాళ్లు, రేషన్ కార్డులు, కుల, ఆదాయ ధ్రువపత్రాల మీద రాజముద్ర తప్ప బతికున్న నాయకుడిదైనా, పోయిన నాయకుడిదైనా బొమ్మ, పేరు ఉండకూడదు. ఉల్లంఘిస్తే ముద్రణ ఖర్చు ఆ మంత్రి నుంచి రాబట్టాలి. ప్రభుత్వం ముందుకు రాకపోతే ఏ ఎమ్మెల్యే అయినా ప్రైవేటు బిల్లుగా పెట్టవచ్చు.

— ఒక విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి