సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు మానేసేవారి గురించి: వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పదవీ విరమణ చేసినవారి కోసం కట్టిన ఒక నివాస సముదాయంలో నేను, నా భర్త ఉంటున్నాం. తమ పనులు తాము చేసుకోగలిగినవారి భాగంలో నేనున్నాను. ఒళ్లు వణికి, బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బు ముదరడంతో ఆయన పక్క భవనంలోని పరిచర్య విభాగానికి మారారు. పగలంతా ఆయన దగ్గరే కూర్చుంటాను కాబట్టి రెండు చోట్లా రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. మీ శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గదుల కొలతలు, వంటగది శుభ్రత, మంటలార్పే పరికరాలు, రిజిస్టర్లు చూసి వెళ్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ మంచం పక్కనున్న బెల్లు నొక్కితే మనిషి రావడానికి ఎంతసేపు పడుతుందో వారెవరూ చూడగా నేను చూడలేదు. ఈ లేఖ దాని గురించే.

ఆయన ఉన్న అంతస్తులో సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టనివారు చాలామంది ఉన్నారు. నీళ్లు తాగితే రాత్రి లేవాలి. లేవాలంటే బెల్లు నొక్కాలి. నొక్కినా ఎవరూ రారేమో, వచ్చినా విసుక్కుంటారేమో అని భయం. ఎదురు గదిలో ఉండే పెద్దావిడ మాత్రలు వేసుకోవడానికి ఇచ్చిన గ్లాసులో ఒక్క గుక్క తాగి, మిగిలినది కిటికీ దగ్గరి పూలకుండీలో పోసేస్తారు. నర్సు వచ్చి ఖాళీ గ్లాసు చూసి, తాగినట్టుగా చార్టులో రాసుకుని వెళ్తుంది. మీ అధికారి చూసేది ఆ చార్టునే.

వయసు మీదపడ్డాక దాహం వేయడమే తగ్గుతుంది. దానికి ఈ భయం కూడా తోడైతే ఒంట్లో నీరు తగ్గి మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టుకుంటాయి. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అంతటితో ఆగదు. పెద్ద వయసులో నీరు తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా మనసు తికమకపడుతుంది. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి అయినవాళ్లను పోల్చుకోలేరు, పగలో రాత్రో తేల్చుకోలేరు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. కారణం కనిపెట్టి చికిత్స చేస్తే చాలామంది తేరుకుంటారు. కనిపెట్టకపోతే మతి పోయిందన్న ముద్ర పడి, తలుపులకు తాళం వేసి ఉంచే విభాగానికి మారిపోతారు. గ్లాసుడు నీళ్లు తాగడానికి జంకిన మనిషి చివరకు తన గది తలుపు తాను తీసుకునే స్వేచ్ఛను కూడా పోగొట్టుకుంటుంది.

ఇదంతా రాత్రి మనుషులు చాలకపోవడం వల్లే. తొమ్మిది దాటాక అంతస్తు మొత్తానికి ఒక్క కేర్‌టేకర్ మిగులుతుంది. కదలలేనివారిని కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. ఆమె ఒక గదిలో ఆ పనిలో ఉండగా మరో గదిలో బెల్లు మోగుతూనే ఉంటుంది. నొక్కి, ఎదురుచూసి, ఇక ఆపుకోలేక తానే లేచిన మనిషి బాత్రూము గడప దగ్గర పడిపోతారు. తెల్లవారాక రిజిస్టర్లో ‘సాయం లేకుండా లేచారు’ అని రాస్తారు. తప్పు పడినవారి మీదకే పోతుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని, ప్రాణాంతకంగా పడేవారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో ఎందరు అంతకుముందు సాయం కోసం పిలిచి చూశారో ఏ లెక్కలోనూ కనిపించదు.

మనుషుల కొరతను నిద్రమాత్రతో కప్పిపుచ్చడం కూడా ఉంది. రాత్రి పదేపదే పిలిచేవారికి మాత్ర మొదలవుతుంది. అంతస్తు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దాన్ని చూసి నిర్వహణ బాగుందనుకుంటారు. పెద్దవయసువారికి ఎక్కువ హాని చేయగల మందులేవో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం 1991లోనే జాబితా రాసింది. అది మొదట తయారైంది వృద్ధుల నివాసాల్లో ఉండేవారి కోసమే. నిద్రమాత్రల మత్తు వల్ల పడిపోయే ప్రమాదం పెరుగుతుందన్నది ఈనాడు వైద్యులందరికీ తెలిసిన మాట. సిబ్బంది సౌకర్యం కోసం నివాసిని కట్లతో గాని మందులతో గాని అదుపు చేయకూడదని అమెరికా 1987లోనే చట్టంలో రాసుకుంది. మన నిబంధనల్లోనూ ఆ వాక్యం అంతే స్పష్టంగా ఉండాలి. ఎవరికి ఏ నిద్రమాత్ర, ఎందుకు, ఎప్పటివరకు అన్నది కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక ఉదయం. రాత్రి షిఫ్టువారు దిగిపోయేలోగా కొన్ని స్నానాలు పూర్తి కావాలని పరిచర్య విభాగంలో అయిదింటికే దీపాలు వెలిగిస్తారు. జీవితమంతా ఆలస్యంగా లేచిన మనిషిని కూడా ఆ వేళకే కుర్చీలో కూర్చోబెట్టి బాత్రూముకు నెడతారు. మాత్రల బండి వచ్చేది మాత్రం అందరి టిఫిన్ల తర్వాతే. పార్కిన్సన్స్ కోసం నా భర్త వేసుకునే లెవోడోపా గడియారం చూసుకుని ఇవ్వవలసిన మందు. వేళ తప్పితే ఒళ్లు కొయ్యబారుతుంది, అడుగు లేవదు, ముద్ద మింగడం కష్టమవుతుంది. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిస్తే అది సరిగా పనిచేయకపోవచ్చు కూడా. ఆయన చేతులు బిగుసుకుపోయి చెంచా పట్టుకోలేకపోతే ‘ఈరోజు తినిపించాలి’ అని చార్టులో ఎక్కుతుంది. అరగంట ముందు మాత్ర ఇస్తే ఆయనే తినేవారు. ఆ మాత్ర నా దగ్గర ఉంచుకుంటానంటే నియమాలు ఒప్పుకోవన్నారు.

కేర్‌టేకర్ల మీద ఫిర్యాదుగా దీన్ని చదవవద్దని వేడుకుంటున్నాను. నా భర్త గడ్డం గీసేటప్పుడు ముందు తన అరచేతిలో వేడినీళ్ల గుడ్డ పట్టుకుని, కాలడం లేదని చూసుకున్నాకే ఆయన చెంపకు ఆనించే అబ్బాయి ఒకడున్నాడు. అటువంటివారు నిలవరు. జీతం తక్కువ, పని మోయలేనంత, నేర్పేవారు లేరు. వాళ్లు వెళ్లిపోతే మతిమరుపు ఉన్నవారి బట్టలు మార్చడానికి వారానికో కొత్త ముఖం వస్తుంది. తెలియని మనిషి వచ్చి ఒంటి మీద చేయి వేస్తే ఎవరైనా తోసేస్తారు. దానికి ‘దురుసు ప్రవర్తన’ అని పేరు పెడతారు. వృద్ధుల నివాసాల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తాము ఏదో ఒక రూపంలో నివాసులను బాధించామని ఒప్పుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్షలో ఉంది. అంతమంది దుర్మార్గులని నేను నమ్మను. ఒక్కరి చేత ముగ్గురి పని చేయిస్తే మంచివారి ఓర్పు కూడా తెగిపోతుంది.

1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధుల నివాసంలో చేసిన అధ్యయనం మీ అధికారులు చదవాలి. ఒక అంతస్తువారికి గది సర్దుబాటు, సినిమా చూసే రోజు వంటివి మీరే నిర్ణయించుకోండని చెప్పి, పెంచుకోవడానికి తలా ఒక మొక్క ఇచ్చారు. మరో అంతస్తువారికీ మొక్కలిచ్చారు, అయితే నీళ్లు నర్సులే పోస్తారన్నారు. కొన్ని వారాలకే మొదటి అంతస్తువారిలో హుషారు, చలాకీతనం ఎక్కువగా కనిపించాయి. తన సంరక్షణ గురించి తాను నిర్ణయించుకునే హక్కు ఏ నివాసంలో ఉన్నా వృద్ధులకు ఉండాలని 1991 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాలు కూడా చెబుతున్నాయి.

ఒప్పందాల సంగతి ఒక్క మాటలో చెబుతాను. చేరేటప్పుడు తోటలు, గ్రంథాలయం చూపిస్తారు. మంచం పట్టాక ఎక్కడికి మారుస్తారు, ఎంత అదనంగా కట్టాలి, దంపతుల్లో ఒకరు పోతే మిగిలినవారి గది ఏమవుతుంది అన్నవి సంతకానికి ముందే తెలియాలి.

మంత్రి గారూ, నేను కోరేవాటిలో చాలావాటికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ బెల్లులున్న చాలాచోట్ల, ఎప్పుడు నొక్కారో ఎప్పుడు ఆపారో ఆ యంత్రమే నమోదు చేసుకుంటుంది. ఆ వివరాలను ప్రతి నెలా గోడ మీద పెట్టమని ఆదేశించండి. బెల్లు ఆపేసి ‘ఇప్పుడే వస్తా’ అని వెళ్లిపోవడం కూడా ఉంది కాబట్టి, పని జరిగిన సమయం విడిగా రాయించండి. రాత్రివేళ ఎంతమంది నివాసులకు ఎంతమంది సిబ్బంది ఉండాలో సంఖ్య నిర్ణయించండి. కదలలేనివారున్న ఏ అంతస్తులోనూ ఇద్దరికి తగ్గకూడదు. లేచే వేళ, స్నానం వేళ నివాసినే అడిగి రాసుకోవాలి. సమయానికి పడవలసిన మందులు బండితో సంబంధం లేకుండా ఇవ్వాలి. నివాసుల సంఘం రాసిన ఫిర్యాదుకు గడువులోగా జవాబివ్వడం యాజమాన్యం బాధ్యతగా ఉండాలి.

తరువాతి తనిఖీకి మీ అధికారిని ముందుగా చెప్పకుండా, రాత్రి పదకొండు తర్వాత పంపండి. ఏదో ఒక ఖాళీ మంచం మీద కూర్చుని బెల్లు నొక్కి, మనిషి వచ్చేదాకా గడియారం చూడమనండి. ఆయన రాసుకున్న నిమిషాలను మాకూ తెలియజేయండి.

ఇట్లు,
పరిచర్య విభాగంలోని ఒక నివాసి భార్య