కర్ణుడి చావుకు ఒకే కారణమా? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న తెలుగు ఇంటర్నల్‌లో రెండు బిట్లు పోయాయని మొహం వేలాడేసుకుని వచ్చింది. పేపరు తీసుకుని చూశాను. ‘మహాభారతం ఏ ప్రక్రియకు చెందినది?’ అంటే తను ఇతిహాసం అని పెట్టింది, కీలో పురాణం అని ఉంది. రెండోది, ‘విషాద నాయకుడైన కర్ణుని పతనానికి కారణమైన లోపం ఏది?’ గర్వం, దానగుణం, స్నేహం, కోపం అని నాలుగు ఆప్షన్లు. తను దేనికీ టిక్కు పెట్టకుండా పక్కన ‘అన్నీ’ అని రాసొచ్చింది. ఎర్ర పెన్నుతో సున్నా.

ఈ లేఖ మార్కుల కోసం కాదు (సరే, కొంచెం మార్కుల కోసం కూడా). కాలేజీ పేరు అడక్కండి, నా బాధ ఈ పదాల గురించి.

దాదాపు వెయ్యేళ్ల కిందట నన్నయ గారు భారతం మొదట్లోనే చెప్పారు కదండీ, దీన్ని నీతి తెలిసినవాళ్లు నీతిశాస్త్రమంటారు, కవులు మహాకావ్యమంటారు, ఐతిహాసికులు ఇతిహాసమంటారు, పౌరాణికులు బహుపురాణ సముచ్చయమంటారు అని. ఆదికవి ఒక్క సీసపద్యంలో ఇన్నిటికీ చోటిచ్చాడు, మన కీలో మాత్రం ఒక్కదానికే చోటు.

ఇక ఆ ‘లోపం’. అరిస్టాటిల్ విషాద నాటకాల గురించి చెబుతూ హమార్షియా అన్నాడు, దాన్ని మనవాళ్లు లోపం అని దించేసి ఊరుకున్నారు. ఆ గ్రీకు మాట పుట్టింది గురి తప్పడం అనే అర్థంలోంచి, గ్రీకు కవి హోమర్ ఈటె గురి తప్పినప్పుడు వాడే క్రియ అదే. అంటే అది మనిషిలో ఉన్న మచ్చ కానక్కర్లేదు, తెలియక చేసిన పొరపాటూ కావచ్చు. దారిలో తాను చంపినవాడు తన తండ్రేనని గ్రీకు విషాద నాటకంలోని ఈడిపస్‌కి ఏం తెలుసు?

కర్ణుడికైతే ఈ మాట అచ్చంగా సరిపోతుంది. అర్జునుడి మీద నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు ‘ఇది మెడకి తగలదు, చూసి మళ్లీ సంధించు’ అని తన రథం తోలుతున్న శల్యుడు చెప్పాడు. ‘కర్ణుడు బాణం రెండుసార్లు సంధించడు’ అన్నాడితను. కృష్ణుడు అర్జునుడి రథాన్ని నేలలోకి అణిచాడు, కిరీటం ఎగిరిపోయింది, అర్జునుడు బతికాడు. ఇప్పుడు చెప్పండి, ఇది గర్వమా, మాట పట్టింపా, శల్యుడి మీద అపనమ్మకమా? దీన్ని క్లాసులో ఒక పీరియడంతా కొట్లాడుకోవాలి గానీ టిక్కు పెట్టించడమేంటి? పైగా మ్యాచ్ ఓడినా ‘కర్ణుడి చావుకు వెయ్యి కారణాలు’ అనే జాతి మనది.

నేను అడిగేది పెద్ద ఖర్చుండే పని కాదు. పాఠ్యపుస్తకం చివర ఇతిహాసం, పురాణం, ప్రబంధం, ధీరోదాత్తుడు, విషాద నాయకుడు లాంటి మాటలకి నాలుగైదు పేజీల వివరణ, మన కావ్యాల్లోంచే ఉదాహరణలతో. తెలుగు అకాడమీని 1968లో పెట్టుకుంది ఇలాంటి పనులకే కదా. అలాగే ఈ పదాల మీద బిట్లు ఆపించి పది లైన్లు రాయమనండి.

అప్పటిదాకా కనీసం ‘అన్నీ’ అనే ఆప్షన్ ఒకటి పెట్టించమని మా అమ్మాయి అడగమంది.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని తండ్రి