సముద్రపు చేపల తొట్టెకు శుద్ధి యంత్రం కొనేముందు ఇంటి నీళ్లు కొలవాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఇళ్లలో సముద్రపు చేపలను పెంచుకోవడం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తొట్టె పరిమాణం, దీపాలు, రాళ్లు, ఇసుక, చేపల జాతుల గురించి ఎంతో వివరంగా రాసిన రచయిత, నీటి దగ్గరికి వచ్చేసరికి "ఆర్వో నీళ్లు వాడితే సరిపోతుంది" అని ఒక్క వాక్యంతో ముగించారు. ఏడాది పొడవునా మంచి నది నీళ్లు కుళాయిలో వచ్చే ఊరి వారికి ఆ వాక్యం సరిపోవచ్చునేమో గాని, సగం బోరు మీద, సగం కుళాయి మీద ఆధారపడి బతికే అనంతపురం వారికి అది చాలదు. నేను ఈ ఊళ్లో నీటి శుద్ధి యంత్రాలు బిగించి, మరమ్మతు చేసే వృత్తిలో ఉన్నవాణ్ణి. మా ఇంట్లోనూ 200 లీటర్ల ఉప్పునీటి తొట్టె ఉంది. ఆ రెండు విధాలుగా నాకు తెలిసిన సంగతులను మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. కాబట్టి ఇక్కడ ఎవరు తొట్టె పెట్టుకున్నా సముద్రపు నీటిని ఇంట్లోనే తయారు చేసుకోవాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున ప్యాకెట్లలో దొరికే సముద్ర లవణ మిశ్రమాన్ని కలిపితే ఆ నీరు తయారవుతుంది. వంటింటి ఉప్పుగాని, కల్లుప్పుగాని అందుకు పనికిరావు. ఆ మిశ్రమాన్ని తయారు చేసినవారు మనం కలిపే నీటిలో ఏమీ లేదనే లెక్కతో కాల్షియం, మెగ్నీషియం తదితర లవణాలను పాళ్లు కట్టి ఉంచుతారు. మన నీటిలో ముందే ఉన్న కాల్షియం, సల్ఫేటు, నైట్రేటు, సిలికా ఆ పాళ్లను చెడగొడతాయి. నైట్రేటు, ఫాస్ఫేటు నాచుకు మేత అవుతాయి. సిలికా వల్ల అద్దాల మీద, ఇసుక మీద గోధుమ రంగు పొర కడుతుంది. మన నేల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి కనుక బోరు నీటిలో సిలికా ఉండటం సహజమే.

అంతకంటే ముఖ్యమైనది ఆవిరి సంగతి. మన ఎండలకు తొట్టె మీద ఫ్యాను పెడితే రోజుకు మూడు లీటర్ల నీరు ఆవిరైపోవడం వింత కాదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి. ఆ పోసేది లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీరైతే, నెలకు 90 లీటర్లతో పాటు 72 గ్రాముల లవణాలు తొట్టెలోకి చేరతాయి. అవి సముద్రపు పాళ్లలో ఉన్న లవణాలు కావు, ఆవిరితో పాటు బయటికి పోయే దారీ వాటికి లేదు. వారానికోసారి 20 లీటర్లు మార్చినంత మాత్రాన ఆ పేరుకున్నదంతా పోదు.

అనంతపురం నీళ్లనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడు. "మా బోరులో ఫ్లోరైడు ఉంది, చేపలు బతుకుతాయా?" అని చాలామంది అడుగుతుంటారు. మనుషుల విషయంలో ఆ భయం నూటికి నూరుపాళ్లు సబబైనదే. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని చెబుతుంది. అయితే సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు సహజంగా ఉంటుంది కనుక, సముద్రపు చేపకు మన ఫ్లోరైడు మొదటి శత్రువు కాదు. దాని గురించి దిగులుపడుతూ నైట్రేటును మరిచిపోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. పాత పేటల్లో మురుగు కాల్వల పక్కన, సెప్టిక్ ట్యాంకుల దగ్గర వేసిన బోర్లలో నైట్రేటును తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. తాగునీటికే దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలు మొత్తం లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో అంచనాగా చూపుతుందే తప్ప, అందులో నైట్రేటు ఎంతో, సిలికా ఎంతో విడదీసి చెప్పదు.

ఇక్కడ మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పెన్నహోబిలం జలాశయం నుంచి వచ్చే మునిసిపల్ నీరు, ఇంటి బోరు నీరు చాలా ఇళ్లలో ఒకే సంపులో కలుస్తాయి. కుళాయి వచ్చిన రోజు మీటరు ఒకటి చూపిస్తుంది, రాని రోజుల్లో అంతకు రెండు మూడింతలు చూపిస్తుంది. అందుచేత యంత్రం కొనేముందు ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, కుళాయి వచ్చిన రోజున ఒకసారి, సంపులో బోరు నీరు మాత్రమే ఉన్నప్పుడు ఒకసారి కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెను బట్టి యంత్రాన్ని ఎంచుకోవాలి. అపార్టుమెంట్లలో సాఫ్ట్‌నర్ ఉందని నిశ్చింతగా ఉండేవారు కూడా గమనించవలసింది ఏమిటంటే, అది కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. మెంబ్రేన్ (ఆర్వో యంత్రంలో లవణాలను ఆపే పల్చటి పొర) మీద సున్నపు పొర కట్టకుండా అది కాపాడుతుంది గాని, టీడీఎస్‌ను తగ్గించదు.

వంటింట్లో తగిలించిన ఆర్వో యంత్రం నీటినే తొట్టెలో పోయవచ్చునా అన్నది తరువాతి ప్రశ్న. ఆ యంత్రాలు మనుషులు తాగడానికి తయారైనవి. రుచి కోసం వాటిలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. అది మెంబ్రేన్ దాటి వచ్చిన నీటిలో కొంత ముడి నీటిని మళ్లీ కలుపుతుంది. ఆ పైన మినరల్ క్యాట్రిడ్జ్ మరికొన్ని లవణాలను చేరుస్తుంది. ఒక ఇంట్లో రొయ్యలు వరుసగా చనిపోతున్నాయని పిలిస్తే వెళ్లి చూశాను. మెంబ్రేన్ గొట్టం దగ్గర పట్టిన నీరు మీటరు మీద 38 చూపింది, అదే యంత్రం కుళాయి దగ్గర 140 చూపింది. అమ్మినవారు ఆ కుళాయి నీటినే తొట్టెకు వాడమని చెప్పి వెళ్లారట. ఆ కుటుంబం ఎంతో ఇష్టపడి పెట్టుకున్న తొట్టె అది. పైగా శుద్ధ నీటి గొట్టానికి ఇత్తడి ఫిట్టింగు వేసి ఉంది. లవణాలు తీసేసిన నీరు లోహాన్ని కరిగించుకుంటుంది, ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి కొద్దిపాటి మోతాదులోనే రొయ్యలకు, నత్తలకు, పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులైన సీ అనిమోన్లకు ప్రాణాంతకం. మెంబ్రేన్ తరువాత తొట్టె వరకు ఎక్కడా ప్లాస్టిక్ తప్ప మరేదీ ఉండకూడదు.

మంచి మెంబ్రేన్ నీటిలోని లవణాల్లో 95 నుంచి 98 శాతం వరకు ఆపుతుంది. వినడానికి గొప్పగా ఉన్నా, 1000 టీడీఎస్ బోరు నీటి విషయంలో 20 నుంచి 50 వరకు ఇంకా మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని పట్టేది డీఐ (డీఅయొనైజేషన్) రెజిన్, అంటే నీటిలో కరిగిన లవణాలను పట్టి ఉంచుకునే సన్నని పూసలు. మెంబ్రేన్ తరువాత ఈ రెజిన్ గొట్టాన్ని నిలువుగా అమర్చి, నీరు కింది నుంచి పైకి వెళ్లేలా బిగిస్తే మీటరు సున్నా చూపిస్తుంది. మెంబ్రేన్ బాగోకుండా రెజిన్ మీదే భారం వేసేవారికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. 10 టీడీఎస్ నీటికి వచ్చినన్ని రోజుల్లో సుమారు నాలుగో వంతే 40 టీడీఎస్ నీటికి ఆ రెజిన్ వస్తుంది. రెజిన్ అయిపోవచ్చే సమయంలో అది వదులుగా పట్టి ఉంచిన సిలికానే ముందుగా బయటికి వస్తుంది, దాన్ని మీటరు సరిగా పట్టుకోలేదు. కాబట్టి మీటరు అంకె పెరిగేదాకా ఆగకుండా, రంగు మారే రకం రెజిన్ తీసుకుని, ముప్పాతిక భాగం రంగు మారగానే మార్చేయడం మేలు.

అందరికీ ఇంత అవసరమా అంటే, కాదని కూడా నిజాయితీగా చెప్పాలి. ఇంట్లో మునిసిపల్ నీరు మాత్రమే వాడుతూ, తొట్టెలో క్లౌన్ చేపల వంటి చేపలు మాత్రమే ఉన్నవారికి, టీడీఎస్ కంట్రోలర్, మినరల్ క్యాట్రిడ్జ్ లేని మామూలు ఆర్వో యంత్రంతో గడిచిపోతుంది. బోరు నీరు కలిసే ఇంటికి, రొయ్యలు, అనిమోన్లు ఉన్న తొట్టెకు మాత్రం డీఐ లేకుండా కుదరదు. పగడాల మాట ఎత్తవద్దు. మన సముద్రాల్లోని దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది, ఎవరైనా అమ్మజూపితే కొనకూడదు. చేపలను కూడా సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో (చేప పిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో) పుట్టినవే అడిగి తీసుకోవాలని నా మనవి. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే అభివృద్ధి చేసింది.

బిగింపు విషయంలో జరిగే పొరపాట్లలో పెద్దది పంపు లేకుండా నడపాలనుకోవడం. మెంబ్రేన్ సరిగా పనిచేయాలంటే కనీసం 50 నుంచి 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి కావాలి. మేడ మీది ట్యాంకు కుళాయికి ఐదు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు 7 పీఎస్‌ఐ. 1000 టీడీఎస్ నీటిని మెంబ్రేన్ దాటించడానికి ముందుగా జయించవలసిన ఓస్మాటిక్ పీడనమే (కరిగిన లవణాల వల్ల ఎదురుగా పనిచేసే ఒత్తిడే) 10 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి బూస్టర్ పంపు తప్పనిసరి. పంపుకు ముందు మట్టి, తుక్కు ఆపే 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టరు, మెంబ్రేన్‌కు ముందు కార్బన్ ఫిల్టరు ఉండాలి. మునిసిపల్ నీటిలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, దాన్ని ఆపేది కార్బనే. కొత్త మెంబ్రేన్ వేసినప్పుడు మొదట కొన్ని గంటల పాటు వచ్చిన నీటిని, రోజూ యంత్రం వేయగానే వచ్చే మొదటి కొద్ది నిమిషాల నీటిని తొట్టెకు వాడకూడదు. యంత్రం ఆగి ఉన్న సమయంలో లవణాలు మెంబ్రేన్ దాటి ఇవతలికి చేరి ఉంటాయి. మే నెలలో నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగిపోతుంది. వేడి నీటితో మెంబ్రేన్ గుండా ఎక్కువ లవణాలు దాటిపోవడమే గాక మెంబ్రేన్ కూడా త్వరగా పాడవుతుంది. వేసవిలో తెల్లవారుజామున నీరు పట్టుకోవడమే ఉత్తమం. మీటరుతో మూడు చోట్ల, అంటే యంత్రంలోకి పోయే నీటిని, మెంబ్రేన్ దాటిన నీటిని, రెజిన్ దాటిన నీటిని కొలిచి ఒక పుస్తకంలో రాసుకుంటే, చెడింది మెంబ్రేనో రెజినో ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. సాధారణ ఆర్వో యంత్రం ఒక లీటరు శుద్ధ నీటిని ఇవ్వడానికి మూడు లీటర్లను వేస్టు పైపులో వదులుతుంది. నెలకు 170 లీటర్లు వాడే నా తొట్టె లాంటి దానికి 500 లీటర్లకు పైగా బయటికి పోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, బిందె నీటి కోసం ట్యాంకరు దగ్గర నిలబడే వీధుల పక్కన, సరదా కోసం పెట్టుకున్న తొట్టెకని ఆ నీటిని కాల్వలోకి వదలడం తప్పని నా దృఢమైన అభిప్రాయం. 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో యంత్రాలను నిషేధించాలని, వాడే చోట కనీసం 60 శాతం నీరు దక్కేలా చూడాలని పర్యావరణ మంత్రిత్వ శాఖను ఆదేశించింది. వేస్టు నీరు మురుగు నీరు కాదు. లోపలికి 1000 టీడీఎస్ నీరు పోతే ఆ పైపులో వచ్చేది సుమారు 1300 ఉంటుంది, అంతే. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, బండి కడగడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. కూరగాయల మడికి మాత్రం ఏళ్ల తరబడి అదే పోస్తే నేల చవుడు బారుతుంది. వేస్టు పైపును ఒక డ్రమ్ములోకి పెట్టి ఆ నీటిని వాడుకునే వీలు ఇంట్లో లేనివారు ఉప్పునీటి తొట్టె పెట్టుకోకపోవడమే మంచిదని వృత్తిరీత్యా నష్టమైనా చెబుతున్నాను.

తొట్టెలోంచి తీసిన ఉప్పునీటి సంగతి వేరు. ప్రతి 20 లీటర్లలో 700 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని చెట్ల మొదట్లో పోయకూడదు. వాన నీటి ఇంకుడు గుంతలో అసలే పోయకూడదు. కొన్ని ఇళ్లలో తొట్టె నీటిని దగ్గరగా ఉందని ఇంకుడు గుంతలోకే వదులుతున్నారు. ఆ గుంత పక్కింటి బోరుకు కూడా నీరు అందిస్తుంది. ఆ ఉప్పునీటిని మునిసిపల్ మురుగు కాల్వలోకి మాత్రమే వదలాలి.

చివరగా రెండు విన్నపాలు. యంత్రం అమ్మేవారు బిగించిన రోజున లోపలికి పోయే నీటి టీడీఎస్, మెంబ్రేన్ దాటిన నీటి టీడీఎస్ కొలిచి, ఆ రెండు అంకెలను బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కొనేవారు కూడా అది లేనిదే పూర్తి డబ్బు చెల్లించకూడదు. నగరపాలక సంస్థవారు సరఫరా చేసే నీటి టీడీఎస్, గట్టిదనం (కాల్షియం, మెగ్నీషియం పాలు), నైట్రేటు, ఫ్లోరైడు వివరాలను వార్డుల వారీగా నెలకోసారి సచివాలయాల నోటీసు బోర్డు మీద పెడితే, చేపల తొట్టెలున్న కొద్దిమందికే గాక, తాగడానికి యంత్రం కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న వేలాది కుటుంబాలకు మేలు జరుగుతుంది. వేసవి సెలవుల్లో పిల్లల కోసం తొట్టెలు కొనే సమయం దగ్గర పడుతున్నది కనుక ఈ ఉత్తరాన్ని వీలైనంత త్వరగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
నీటి శుద్ధి యంత్రాల మెకానిక్, మీ పాఠకుడు,
అనంతపురం.