రొయ్యకున్న కౌంటు మనిషికి లేదా సార్?

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న ఐదో అర్జీ. మొదటి నాలుగూ తెల్లకాగితం మీద మార్జిన్ కొట్టి, విషయం అని కింద గీత గీసి, పద్ధతిగానే రాశాను. రెండింటికి ఫోన్లో మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. పరిష్కారమైన సంగతి నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా, ఎక్కడన్నా మాట తూలితే ఏమీ అనుకోకండి.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. పేరు రాయను. రాస్తే మీ దాకా ఏం చేరుద్దో గానీ, మా పంచాయతీ సెక్రటరీకి మాత్రం రేపు పొద్దున్నే ఫోన్ వస్తుంది, ఆ అమ్మాయి మంచిది పాపం. మైపాడుకి, కొత్తకోడూరుకి, రామతీర్థానికి జనం ఎట్టా వస్తారో మా ఊరికీ అట్టానే వస్తారు, కాస్త తక్కువ, అంతే. సరుగుడు తోపు దాటితే బీచ్, తోపు మొదట్లో నాది చేపల వేపుడు బండి. కరోనాకి ముందు చెన్నైలో అకౌంట్లు రాసేవాణ్ణి. లెక్కలంటే కొంచెం పిచ్చి ఉంది, ఈ ఉత్తరం కూడా ఆ పిచ్చితోనే మొదలైంది.

మా బీచ్ దగ్గర ఆడవాళ్ల మరుగుదొడ్లు తెరిపించండి, ఆదివారం ఒక బస్సు ఎక్కువ వేయించండి అని అడగడానికి కిందటేడు ఒక ఆఫీసుకి పోయాను. అక్కడి సారు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు, కంప్యూటర్లో ఏదో చూసి, "మీ బీచ్‌కి ఫుట్‌ఫాల్ లేదండీ, జీరో ఉంది. జీరో ఉన్నచోట ఏం శాంక్షన్ చేస్తాం?" అన్నాడు. ఫుట్‌ఫాల్ అంటే అడుగులు పడటమేగా సార్, వచ్చి ఇసకలో చూడండి, ఆదివారం సాయంత్రానికి చెప్పు ఆనవాలు లేని జానెడు చోటు దొరికితే మీ ఇష్టం అన్నాను. నవ్వి, అట్టా కాదు, లాడ్జీల నుంచి, టికెట్టు కౌంటర్ల నుంచి నెలనెలా లెక్కలు రావాలి, మీ ఊళ్లో లాడ్జి ఉందా, లేదు, టికెట్టు ఉందా, లేదు, మరి లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నాడు.

అదీ నిజమే. మా ఊళ్లో రాత్రి ఎవరూ పడుకోరు, పడుకోడానికి చోటుంటేగా. ఆత్మకూరు నుంచి, కోవూరు నుంచి, నెల్లూరు నుంచి పొద్దున వస్తారు, స్నానాలు చేస్తారు, తింటారు, పొద్దుగూకేలోపు పోతారు. మా పెద్దమ్మాయి డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. రాత్రి బస చేసినవాణ్ణి టూరిస్టు అంటారట, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాణ్ణి ఒక్కరోజు సందర్శకుడు అంటారట, అయితే పర్యాటక లెక్కలు ఎట్టా కట్టాలో ఐక్యరాజ్యసమితి 2008లో సిఫార్సులు ఇచ్చినప్పుడు ఆ ఒక్కరోజువాణ్ణి కూడా విడిగా లెక్కపెట్టమనే చెప్పిందట. పడుకోకపోతే మనిషి కాదని వాళ్లెవరూ అనలేదన్నమాట. కేంద్రం వాళ్లు 2014-15లో ఎన్‌ఎస్‌ఎస్ అనే జాతీయ నమూనా సర్వే 72వ రౌండులో ఇళ్లకి పోయి, ఎక్కడికి ప్రయాణం చేశారు, ఎంత ఖర్చుపెట్టారు అని అడిగారని కూడా మా అమ్మాయే చెప్పింది. మంచిదే. అది దేశానికీ రాష్ట్రానికీ లెక్క, అందులో మా సరుగుడు తోపు కనపడదు.

మా పక్క అన్నీ రొయ్యల గుంటలు సార్, మీకు తెలిసే ఉంటుంది. రొయ్యని మేం కౌంటులో చెప్తాం. వంద కౌంటు అంటే కిలోకి వంద రొయ్యలు, ముప్పై కౌంటు అంటే ముప్పయ్యే, అంటే పెద్దవి. కొనేవాడు గట్టు మీదే కిలో తూచి ఒక్కోటీ ఏరి లెక్కపెడతాడు, రెండు రొయ్యలు అటూ ఇటూ అయితే రేటు మారిపోద్ది, గొడవలు అవుతాయి. 2025లో అమెరికా మన రొయ్యల మీద సుంకాలు పెంచినప్పుడు ఎన్ని టన్నులు, ఎంత నష్టం అని వారంలోపే అందరూ మాట్లాడారు. ఎందుకు మాట్లాడగలిగారు? లెక్క ఉంది గనక. కిలోలో ఎన్ని రొయ్యలో ఒక్కోటీ ఏరి లెక్కపెట్టే ఊళ్లో, ఆదివారం ఎంతమంది మనుషులు వచ్చారో లెక్కపెట్టే దిక్కు లేదు.

అందుకని మేమే పెట్టాం. మే నెలలో ఒక ఆదివారం అమ్మాయి నోటుపుస్తకం తీసుకుని బండి పక్కన స్టూలేసుకుని కూర్చుంది, నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అట్టా కట్టలు కట్టుకుంటూ. పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా బైకులు 164, కార్లు 31, ఆటోలు 22, ట్రాక్టర్లు 3, బస్సు దిగినోళ్లు 58. బైకుకి ఇద్దరు, కారుకి ఐదుగురు, ఆటోకి ఏడుగురు, ట్రాక్టరుకి పాతికమంది అని వేసుకుంటే 770 మంది. బైకుకి ముగ్గురు ఎక్కినవాళ్లని ఇద్దరి కిందే రాయమన్నా, ఎక్కువ చూపించామని రేపు ఎవరూ అనకూడదు. మనిషికి 50 రూపాయలు ఖర్చుపెట్టారనుకున్నా 38,500. నెలలో నాలుగు ఆదివారాలకి లక్షా యాభై నాలుగు వేలు. ఇది మీకు చిల్లరే సార్. మొక్కజొన్న పొత్తులు కాల్చే ముసలామెకి, బజ్జీలామెకి, సోడా బండి కుర్రాడికి, పొద్దున్నే పడవ దగ్గర పాటలో చేప పాడుకొచ్చే మా ఆవిడకి ఇది చిల్లర కాదు.

పోయినసారి ఆ పుస్తకం జిరాక్స్ తీసి అర్జీకి జతచేశా. ఇది అఫీషియల్ కాదన్నారు. అఫీషియల్ లెక్క ఏదంటే జీరో. నిజంగా ఉన్న లెక్క చెల్లదు, చెల్లే లెక్క నిజం కాదు, ఇప్పుడు మేం ఏంది చెయ్యాలి?

మరుగుదొడ్ల సంగతి. అసలు లేవని నేను అనను. కట్టారు. టైల్స్ వేసి, గోడ మీద డాల్ఫిన్ బొమ్మ కూడా గీశారు, ఈ సముద్రంలో నేను చూసిన డాల్ఫిన్ అదొక్కటే. రిబ్బన్ కట్ చేసిన నెలకి మోటార్ కాలిపోయింది, తాళం పడింది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్తారు, ఆ ఇంకొకరు ట్రాన్స్‌ఫరై పోయారు. ఇప్పుడు తాళం కూడా ఉప్పుగాలికి తుప్పు పట్టింది, చెవి దొరికినా తిరగదు.

మగవాళ్లకి తోపు ఉంది. ఆడవాళ్లు ఏం చేస్తారు? మా ఆవిడ దగ్గరికి వస్తారు. ముందు ఒక ప్లేటు చెప్తారు, తింటున్నట్టే అటూ ఇటూ చూస్తారు, తర్వాత దగ్గరికొచ్చి చెవిలో అడుగుతారు. ఆ మే నెల ఆదివారమే ఒక పెద్దామె, షుగర్ ఉన్నామె, ఆత్మకూరు వైపు నుంచి మనవలతో వచ్చింది. మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, ఇక నా వల్ల కాదు" అంది. పెనంలో చేపలున్నాయి, నాకు అప్పగించి ఆమెని ఇంటికి తీసుకుపోయింది. మా ఇల్లు రెండు వీధుల అవతల, ఇసకలో ఆ వయసులో గబగబా నడవలేరు. ఇంటి దాకా రాలేకపోయింది సార్. మా ఆవిడే నీళ్లు పోసి, తన చీర ఒకటి కట్టించి, ఆమె చీర కవర్లో పెట్టి ఇచ్చి పంపింది. పెద్దామె తిరిగి ఇసకలోకి రాలేదు, ఆటోలోనే కూర్చుంది, మనవలు పిలిచినా దిగలేదు. మళ్లీ వస్తుందనుకుంటారా? ఇంటికిపోయి పక్కింటివాళ్లకి ఏం చెప్పుద్ది, పోండి బాగుంది అనా?

ఆ రోజు సాయంత్రం దాకా మా ఇంటికి వచ్చినవాళ్లని చిన్నమ్మాయి లెక్కపెట్టింది, 43 మంది. డ్రమ్ములో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయి బిందెలతో మోశాం. బీచ్‌కి ఫుట్‌ఫాల్ లేదు గానీ మా ఇంటి లెట్రిన్‌కి ఉంది సార్, కావాలంటే దాన్ని టూరిస్ట్ స్పాట్ చేయండి.

మీది ఆదివారం రద్దీ ఒక్కటే, వారంలో ఆరు రోజులు ఖాళీయేగా అని ఆ ఆఫీసు సారు ఇంకో మాట అన్నాడు. మరి మాలకొండ నరసింహస్వామి? ఆయన వారానికి ఒక్క శనివారమే తలుపు తీస్తాడు. ఆ ఒక్కరోజు మీద ఎన్ని కొబ్బరికాయల కొట్లు, ఎన్ని ఆటోలు, ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో కందుకూరు వైపు ఎవర్నైనా అడగండి. దేవుడికైతే వారానికి ఒకరోజు చాలు, సముద్రానికి మాత్రం ఏడు రోజులూ కావాలా? దేవుడి దగ్గర టికెట్టు ఉంది, తలనీలాలున్నాయి, హుండీ ఉంది, లెక్క దానంతటదే తేలుద్ది. సముద్రానికి హుండీ లేదు, ఉన్నదంతా ఊరికే ఇస్తుంది.

పోనీ టికెట్టే కావాలంటే అదీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశారు, చాలా మంచి పని, మనస్ఫూర్తిగా చెప్తున్నా. అప్పట్నుంచి మా ఊరికి ఆడవాళ్లు గుంపులుగా వస్తున్నారు, డ్వాక్రా గ్రూపులు గ్రూపులే దిగుతున్నాయి. వాళ్లకి కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. అంటే ఏ రోజు మా స్టేజీలో ఎంతమంది దిగారో ఆ మిషన్లో ఉంటుంది. ఒక శాఖ దగ్గర ఉన్న లెక్కని ఇంకో శాఖ అడిగితే అయిపోయే పని, ఇందులో ఖర్చేముంది? జీరో టికెట్లో ఉన్న మనిషి కూడా మీ రిజిస్టర్లోకి వచ్చేసరికి జీరో అయిపోతే ఎట్టా? ఒక ప్రభుత్వం ఆడవాళ్లని ఉచితంగా బీచ్ దాకా తెచ్చి దింపి, అదే ప్రభుత్వం అక్కడ తలుపుకి తాళం వేస్తుంది. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి, నేను అంటే బాగుండదు.

ఇంకోటి, ఇది మీకెవరూ చెప్పి ఉండరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరపడవలు ఒడ్డునే ఉంటాయి, ప్రభుత్వం కుటుంబానికి 20,000 ఇస్తుంది. ఆ రెండు నెలల్లోనే పిల్లలకి ఎండాకాలం సెలవులు, మా బీచ్ నిండేదీ అప్పుడే. వేటకి పోలేని మనిషి ఒడ్డున కూర్చుని ఉంటాడు, డబ్బు ఖర్చుపెట్టే మనిషి అదే ఒడ్డుకి వస్తాడు, ఇద్దరి మధ్యా ఒక పందిరి, ఒక కుళాయి, నాలుగు బెంచీలు లేవు. ఏ ఆదివారం ఎంతమంది వస్తారో రెండేళ్ల లెక్క చేతిలో ఉంటే మా కుర్రాళ్లు పదిమంది పార్కింగు చూసుకుంటారు, ఈత వచ్చినవాళ్లని లైఫ్‌గార్డులుగా పెట్టొచ్చు. బ్యాంకుకి పోయి లోన్ అడిగితే రోజుకి ఎంత బిజినెస్, ప్రూఫ్ ఏందీ అంటారు. మా దగ్గరున్న ప్రూఫల్లా బండి మీద అరిచే ఫోన్‌పే డబ్బా.

2024లో కొత్త పర్యాటక విధానం తెచ్చి టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పెద్ద హోటళ్లు కట్టేవాళ్లకి రాయితీలు వస్తాయి, రానివ్వండి, మాకేం కడుపుమంట లేదు. మా బజ్జీలామె, ఆ పరిశ్రమలో నేను వాచ్‌మన్నా, మేనేజర్నా అని అడుగుతోంది. మీరే చెప్పాలి.

నెల్లూరులో రొట్టెల పండగ మీకు తెలుసు, మీరూ వచ్చే ఉంటారు. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె మార్చుకుంటారు. ఏటా లక్షల్లో వచ్చారని పేపర్లో పడుద్ది, ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, జిల్లాలో ఇంకేం చూశారు అని ఒక్క వాక్యం ఉండదు. కోరిక తీరినవాళ్లు తెచ్చిన రొట్టె, కోరుకునేవాళ్లు పట్టుకోవాలి. ఈసారి మరుగుదొడ్డి రొట్టె ఇచ్చేవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో చూడమని మా ఆవిడ అంటోంది. నవ్వుతూనే అంది గానీ, నాకు నవ్వు రాలేదు.

కాబట్టి అయ్యా, మరుగుదొడ్లు తెరిపించండి. మా బీచ్‌నీ, ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం వైపూ పాకల వైపూ ఇట్టాంటి బీచ్‌లు ఇంకెన్ని ఉన్నాయో వాటినీ లెక్కలో వేయించండి, ఆదివారాలు ఒక మనిషిని కూర్చోబెట్టినా చాలు, మనిషి దొరక్కపోతే నోటుపుస్తకం మాదే, కూర్చునేదీ మేమే, కింద ఒక సంతకం, ఒక స్టాంపు మీవాళ్లు వేస్తే సరిపోద్ది. బస్సు సంగతి చూడండి, చివరి బస్సు 5 గంటలకే పోతోంది. మరుగుదొడ్లు మాత్రం ముందు తెరిపించండి.

వీలైతే ఒక ఆదివారం మీరే రండి. ముందుగా ఎవరికీ చెప్పకుండా వస్తే ఉన్నది ఉన్నట్టు కనపడుద్ది. కాదులెండి, చెప్పే రండి. ఆ ఒక్కరోజైనా తాళం పగలగొడతారు.

ఇట్లు,
సరుగుడు తోపు దగ్గర చేపల బండి అతను,
నెల్లూరు జిల్లా